సాటివాడి మాటకు సర్టిఫికెట్ అడిగేవాళ్లకు

మానసిక ఆరోగ్యం మీద మన దగ్గర ఏ చర్చ జరిగినా చివర్లో ఒక హెచ్చరిక తప్పకుండా వస్తుంది. "సమస్య ఉంటే నిపుణుల్ని కలవండి. ఆన్‌లైన్ సపోర్ట్ గ్రూపులంటూ ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య కూర్చోకండి. వాళ్లూ మీలాంటి పేషెంట్లే. మునిగేవాడు మునిగేవాణ్ణి పట్టుకుంటే ఇద్దరూ పోతారు." ఈ మాట అనేవాళ్లలో డాక్టర్లున్నారు, సైకాలజిస్టులున్నారు, ఆరోగ్య శీర్షికలు రాసేవాళ్లున్నారు. వాళ్లకు దురుద్దేశం అంటగట్టలేం. పైగా వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది కాబట్టి ఆ మాటను ఎవరూ నిలదీయరు. ఆ పని ఇక్కడ చేద్దాం. ఈ హెచ్చరిక ఆపే ప్రమాదం కన్నా తెచ్చిపెట్టే నష్టమే ఎక్కువని నా వాదన.

ముందు "నిపుణుల్ని కలవండి" అన్న సలహా సంగతి చూద్దాం. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. వాళ్లలో వైద్యం అందనివాళ్లు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. మన సంగతి ఆ పుస్తకంలో లేనే లేదన్నమాట. దేశంలో సైకియాట్రిస్టులు లక్ష జనాభాకు 0.75 మంది, అంటే ఒక్కరు కూడా పూర్తిగా లేరు. ముగ్గురైనా ఉండాలన్నది నిపుణులే చెప్పిన లెక్క. ఆ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉంటారని వేరే చెప్పనక్కర్లేదు.

మార్కాపురంలో సెల్‌ఫోన్ షాపులో నెలకు పన్నెండు వేలకు పనిచేసే కుర్రాడిని ఊహించుకుందాం. ఆరు నెలలుగా నిద్ర లేదు, దేని మీదా మనసు నిలవడం లేదు. బస్సెక్కి ఒంగోలో, గుంటూరో వెళ్లి పెద్దాసుపత్రి ఓపీలో చీటీ రాయించుకున్నాడు. మందులు ఉచితంగానే దొరికాయి. డాక్టరుగారు నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, మందు వేసుకుంటున్నావా అని అడిగారు. అంతకు మించి అడగడానికి ఆయనకు తీరిక లేదు. బయట లైను గేటు దాకా ఉంది. కౌన్సెలింగ్ కూడా కావాలంటే ప్రైవేటులో వారానికో గంట. గంటకు వెయ్యి రూపాయలే అనుకున్నా నెలకు నాలుగు వేలు, ఆ కుర్రాడి జీతంలో మూడో వంతు. నిపుణుణ్ణి కలవమనడంలో తప్పేం లేదు, కలిశాడు కూడా. మళ్లీ నెలకు గానీ కలవడు. మధ్యలో ఉన్న ఇరవై తొమ్మిది రోజులూ ఆ కుర్రాడు ఎవరితో మాట్లాడాలి? హెచ్చరిక చేసే పెద్దల దగ్గర దీనికి జవాబు లేదు.

ఇక్కడే గ్రూపుల తరఫున మాట్లాడేవాళ్ల మీద కూడా నాకు కోపం వస్తుంది. "డాక్టర్లు చాలరు కదా, ఏమీ లేనిదాని కన్నా ఇది నయం" అంటారు. ఆ సమర్థన విమర్శ కన్నా హీనమైనది. పేదవాడికి రెండో రకం బియ్యం పోసినట్టు గ్రూపును పోస్తున్నామని ఒప్పుకోవడమే అది. వీధికో సైకియాట్రిస్టు ఉన్నా, ఆయన ఫీజు పది రూపాయలే అయినా గ్రూపు కావాల్సిందే. డాక్టరు ఎంత మంచివాడైనా చెయ్యలేని పని ఒకటుంది. అది చేసేది ఆ బాధ పడి లేచినవాడే.

ఆ పనేమిటో గాల్లో కాకుండా మందుల దగ్గరే చూపిస్తాను. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చే మాత్రలు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అంటే ముందు కష్టం, తర్వాత ఫలితం. డాక్టరు ఈ సంగతి చెప్పే ఉంటాడు. ఆ గదిలో భయంతో కూర్చున్నవాడి చెవికి అది ఎక్కి ఉండదు. నాలుగో రోజున మాత్రల డబ్బా అలమరలోకి వెళ్లిపోతుంది. అదే రోజు రాత్రి ఓ గ్రూపులో ఎవరో "నాకూ మొదటి పది రోజులు అన్నం సయించలేదు, పెరుగన్నం తిని నెట్టుకొచ్చాను, మూడో వారంలో ఒక పొద్దున్న లేచి స్నానం చేయాలనిపించింది" అని చెబితే డబ్బా మళ్లీ బయటికొస్తుంది. లిథియం వాడే బైపోలార్ పేషెంటుకు చెయ్యి వణుకుతుంది. ఓలాంజపిన్ వాడితే బరువు పెరుగుతుంది. పెళ్లీడు ఆడపిల్ల ఆ బరువు సంగతి డాక్టరుతో చెప్పుకోలేక మందు మానేస్తుంది, ఇంట్లో వాళ్లకు తెలియకుండా. అదే అవస్థ పడ్డ ఇంకో అమ్మాయి "నేను డాక్టరుతో చెప్పాను, మందు మార్చారు, నువ్వూ చెప్పు" అంటే చెబుతుంది. ఇందులో సాటివాడు ఏ వైద్యమూ చేయలేదు. వైద్యం దాకా తిరిగి నడిపించాడు. అనుభవం ఉన్న ఏ సైకియాట్రిస్టును అడిగినా తన వృత్తిలో పెద్ద తలనొప్పి రోగులు మధ్యలో మందులు మానేయడమేనని చెబుతాడు. ఆ తలనొప్పికి విరుగుడు ఉన్నచోటికే వెళ్లొద్దంటున్నాడు.

అర్హత మాటకొద్దాం. సపోర్ట్ గ్రూపులకు పెద్దన్న లాంటిది ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ). 1935లో అమెరికాలో ఓహాయో రాష్ట్రం ఆక్రన్ పట్టణంలో పుట్టింది. మొదలుపెట్టినవాళ్లు ఇద్దరు. ఒకాయన బిల్ విల్సన్, షేర్ల వ్యాపారి. రెండో ఆయన బాబ్ స్మిత్, సర్జన్. సర్జన్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆయనకు వైద్య పట్టా ఉంది, తాగుడు శరీరాన్ని ఏం చేస్తుందో పుస్తకాల్లో చదివాడు, ఆసుపత్రుల్లో చూశాడు. అయినా ఏళ్ల తరబడి తాగాడు. ఆయన చేత మాన్పించింది ఓ షేర్ల వ్యాపారితో సంభాషణ. ఆ వ్యాపారి దగ్గరున్న అర్హతల్లా తానూ అలాగే తాగి, కొన్ని నెలల క్రితం మానేసి ఉండటం. అలా మొదలైన ఆ సంఘం 1957లో బొంబాయికి వచ్చింది, తర్వాత మన తెలుగు పట్టణాలకూ వచ్చింది. దానికి సభ్యత్వ రుసుము లేదు. చివర్లో ఓ బుట్ట తిప్పుతారు, ఉన్నవాళ్లు ఉన్నంత వేస్తారు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు.

ఆ సమావేశం ఎలా నడుస్తుందో ఒక్కసారి చూసినా "అర్హత లేని సలహాలు" అన్న అభియోగం నోట్లోంచి రాదు. అక్కడ సలహాలు ఇవ్వకూడదన్నదే ఆనవాయితీ. ఒకరు పేరు మాత్రం చెప్పి, ఇంటిపేరు లేకుండా, తన కథ చెప్పుకుంటారు. మిగతావాళ్లు వింటారు. మధ్యలో అడ్డు తగలరు, "అలా చేసుండాల్సింది" అనరు. తర్వాత ఇంకొకరు తన కథే చెబుతారు. "నువ్వు" అన్న పదం దాదాపు వినపడదు, అంతా "నేను". మన పెళ్లిళ్లలో, పరామర్శల్లో, రైలు పెట్టెల్లో సలహాలు ఎంత ధారాళంగా పారతాయో తెలిసినవాళ్లకు ఆ నిశ్శబ్దం విడ్డూరంగా ఉంటుంది. మానసిక ఆరోగ్యానికి నడిచే మంచి ఆన్‌లైన్ గ్రూపుల్లో చాలా వాటికి ఇదే పద్ధతి: ఎవరి అనుభవం వాళ్లు చెప్పాలి, మందుల పేర్లు, మోతాదులు సిఫారసు చేయకూడదు, ప్రాణం మీదికి తెచ్చుకునే మాట ఎవరి నోటైనా వస్తే నడిపేవాళ్లు వెంటనే పక్కకు తీసుకుని మాట్లాడాలి.

మునిగేవాడి ఉపమానం కూడా ఇక్కడే వీగిపోతుంది. గ్రూపులో అందరూ ఒకే రోజున, ఒకే లోతులో మునిగిపోతూ ఉండరు. ఒకడు నిన్న పడ్డాడు. ఒకామె ఏడేళ్లుగా గట్టున ఉంది. ఇంకొకడు గట్టెక్కి మళ్లీ జారి మళ్లీ ఎక్కాడు, అతనికి ఆ రాళ్లన్నీ తెలుసు. ఎప్పుడూ నీళ్లలో దిగనివాడి కన్నా వీళ్లను అడగడమే నయం.

2020 మార్చి సంగతి గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారి మూతపడ్డాయి. వారం తిరక్కుండానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తాగుడు ఆగిపోయి ఒళ్లు వణికేవాళ్లు, భ్రమలు పడేవాళ్లు బారులు తీరారు. కల్తీ కల్లులో కలిపే మత్తుమందులకు అలవాటు పడినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ స్థితిలో ఉన్నవాడికి ఆసుపత్రే దిక్కు, గ్రూపు కాదు. ఇందులో నాకు ఎవరితోనూ తగాదా లేదు. మరి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక? అప్పటికి ప్రపంచమంతటా ఏఏ సమావేశాలు జూమ్‌లోకి మారిపోయాయి. గది అద్దె లేదు, బస్సు ఛార్జీ లేదు, తెలిసినవాళ్లు చూస్తారన్న భయం లేదు. మే మొదటి వారంలో దుకాణాలు తెరిచినప్పుడు కిలోమీటరు పొడవు లైన్లు టీవీలో చూశాం. ఆ లైనులో నిలబడకుండా ఇంట్లో ఫోను ముందు కూర్చున్నవాణ్ణి ఏ కెమెరా చూపించలేదు.

"రుజువులేవి?" అని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020లో ఏఏ మీద సమీక్ష వెలువరించింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏఏ పద్ధతిని క్రమబద్ధంగా పరిచయం చేసి అందులో చేర్పించే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటి పేరున్న చికిత్సల కన్నా మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. ఖర్చు కూడా తగ్గిందని చెప్పింది. గమనించాల్సింది ఏమిటంటే ఆ అధ్యయనాల్లో చాలావాటిలో నిపుణుడే చెయ్యి పట్టుకుని గ్రూపులో కూర్చోబెట్టాడు. మనవాళ్లు చెయ్యి పట్టుకుని బయటికి లాగుతున్నారు.

తాగుడు వేరు, మిగతా జబ్బులు వేరు అంటారా? సరే. తీవ్ర మానసిక వ్యాధులున్నవాళ్ల మధ్య సాటివారి ఆసరా మీద జరిగిన 18 ట్రయల్స్‌ను బ్రిటన్ పరిశోధకులు 2014లో ఒకచోట చేర్చి చూశారు. ఆసుపత్రిలో చేరడం తగ్గినట్టు గానీ, లక్షణాలు తగ్గినట్టు గానీ గట్టి ఆధారం దొరకలేదు. ఆశ, కోలుకుంటామన్న నమ్మకం, తన బతుకు తన చేతిలో ఉందన్న ధీమా మాత్రం కొంత పెరిగాయి. విమర్శకులు మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేస్తారు. నేను రెండోదాన్ని కూడా చదవమంటున్నాను. గ్రూపు మాత్ర కాదు, మాత్ర చేసే పని దాని నుంచి ఆశించకూడదు. ఆ తర్వాత 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇంకో ట్రయల్ వచ్చింది. మానసిక సంక్షోభం దాటి ఇంటికి వెళ్తున్న 441 మందిని తీసుకుని, సగం మందికి అదే అనుభవం ఉన్న మనిషిని కొన్ని వారాల పాటు తోడు ఇచ్చారు. తోడు ఉన్నవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ అత్యవసర చికిత్స అవసరమైనవాళ్లు 29 శాతం, లేనివాళ్లలో 38 శాతం. అది గ్రూపు కాదు, ఒకరికొకరు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే గ్రూపుల మీద ఇంత బరువైన రుజువులు ఇంకా పోగుపడలేదని కూడా ఒప్పుకుంటాను. పరిశోధించమనడానికి అది కారణం. వెళ్లొద్దనడానికి కాదు.

అనుభవం ఒక అర్హతేనా అన్న ప్రశ్నకు మన పార్లమెంటే 2017లో జవాబు చెప్పేసింది. ఆ ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఏర్పడే కేంద్ర, రాష్ట్ర ప్రాధికార సంస్థల్లో మానసిక వ్యాధి ఉన్న లేక ఒకప్పుడు ఉన్నవాళ్ల ప్రతినిధులు, వాళ్లను చూసుకునేవాళ్ల ప్రతినిధులు ఉండి తీరాలి. సైకియాట్రిస్టుతో సమానంగా కూర్చుని విధానాలు తేల్చడానికి పనికొచ్చే మనిషి, రాత్రి పదింటికి ఇంకో మనిషితో ఫోన్లో మాట్లాడటానికి పనికిరాడా? అమెరికాలో జార్జియా రాష్ట్రం 1999లోనే సాటివారి ఆసరాకు పేదల బీమా పథకం మెడికెయిడ్ నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. అంత దూరం ఎందుకు, గుజరాత్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లోనే కోలుకున్నవాళ్లను వాలంటీర్లుగా కూర్చోబెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన మార్గదర్శకంలో ఆదర్శంగా చూపించిన సేవల్లో నైరోబీలో నడిచే సపోర్ట్ గ్రూపు ఒకటి. కెన్యా మన కన్నా ధనిక దేశమేమీ కాదు.

ఇంకో వర్గం ఉంది. వీళ్లు డాక్టర్లు కారు, సంస్కృతి పరిరక్షకులు. "అమెరికావాళ్లకు ఇంట్లో మాట్లాడే మనిషి ఉండడు కాబట్టి గ్రూపులు పెట్టుకుంటారు. మనకు కుటుంబం ఉంది, బంధువులున్నారు, ఇవన్నీ మనకెందుకు" అంటారు. కుటుంబం ఉంది, నిజమే. "ఎర్రగడ్డలో చేర్పించాలి నిన్ను" అని తిట్టుకు వాడేది ఆ కుటుంబాల్లోనే. విశాఖ వైపు అదే తిట్టుకు చినవాల్తేరు పేరు వాడతారు. అక్క మందులు వాడుతోందని బయటికి పొక్కితే చెల్లెలి పెళ్లి ఆగుతుందని నోరు నొక్కేదీ ఆ బంధువులకు భయపడే. హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి విడాకులకు ఒక కారణం కూడా. కాబట్టి పెళ్లయ్యాక దాచడం ఇంకా ఎక్కువ. మాత్రలను విటమిన్ సీసాలో పోసి పెట్టుకుని మింగే కోడళ్లున్న సమాజంలో "ఇంట్లో చెప్పుకోవచ్చుగా" అనడం వెటకారం. కెమెరా ఆపి, పేరు మార్చి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే వీలు ఆ కోడలికి ఏ క్లినిక్కూ ఇవ్వలేదు. చిన్న ఊళ్లో సైకియాట్రిస్టు బోర్డున్న మెట్లు ఎక్కితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

ఆ కుటుంబానికి మాత్రం గ్రూపు అక్కర్లేదా? స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకును ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్న తల్లికి తన తర్వాత వాడి గతి ఏమిటన్న దిగులు ఉంటుంది. దానికి ఏ మాత్రా లేదు. ఆ దిగులు వినడానికి బంధువులు భయపడతారు, వింటే ఎక్కడ బాధ్యత మీద పడుతుందోనని. ఇంకో ఊళ్లో అదే వయసు కొడుకున్న ఇంకో తల్లి మాత్రం వింటుంది. వికలాంగుల సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలో, పింఛనుకు ఏ ఆఫీసులో కాగితాలు ఇవ్వాలో కూడా చెబుతుంది. డాక్టర్ల ఇంటర్వ్యూల్లో ఇలాంటి సమాచారం నాకెప్పుడూ కనపడలేదు.

నలుగురు ఒకే బాధతో కూర్చుంటే ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు నేర్పాలా? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిపూట చేరిన ఆడవాళ్లు, మొగుళ్ల సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్లలో ఎవరికీ పట్టా లేదు. ఆ మాటలు ఊళ్లు దాటి, జిల్లాలు దాటి, చివరికి 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లాయి. ఒక్కో ఇంట్లో సిగ్గుగా దాచుకున్న దెబ్బ, పదిమంది ముందు పెట్టేసరికి అందరి దెబ్బ అయింది. పొదుపు సంఘాలు, డ్వాక్రా గ్రూపులు ఇంటింటికీ ఉన్న నేల మీద నిలబడి "గ్రూపులు మన సంస్కృతి కాదు" అనాలంటే చాలా మరుపు ఉండాలి.

ప్రమాదాలు లేవా? ఉన్నాయి. వాటిని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. "మందులు అలవాటైపోతాయి, ఆపేసి ధ్యానం చేయండి" అని ఎవరో అంటారు. ఆకలి చంపుకోవడాన్ని, ఒళ్లు కోసుకోవడాన్ని పోటీగా మార్చే గ్రూపులు ఇంటర్నెట్లో ఉన్నాయి. నడిపేవాడే చివరికి "హీలింగ్ కోర్సు" అమ్ముకునే గ్రూపులూ ఉన్నాయి. అలాంటి చోటు నుంచి ఆ క్షణమే బయటికి రావాలి. అయితే మందులు ఆపేయమనే సలహా గ్రూపుల్లోనే పుట్టిందా? మేనమామ చెప్పలేదా, మందుల షాపువాడు చెప్పలేదా, యూట్యూబ్‌లో కాషాయం కట్టినాయన చెప్పడం లేదా? మూడు రోజుల శిక్షణతో "లైఫ్ కోచ్" బోర్డు పెట్టి వేలు గుంజేవాళ్ల అర్హత గురించి ఈ చర్చల్లో ఒక్క మాటైనా వినపడదు. తాను బాధపడ్డానని నిజాయితీగా చెప్పుకుని పైసా తీసుకోనివాడినే సర్టిఫికెట్ అడుగుతారు.

గోప్యత గురించి కూడా ఎక్కువ భయపెడతారు. ఈ మధ్యకాలంలో పెద్ద రచ్చ అయిన కేసు ఏది? బెటర్‌హెల్ప్. అది సాటివారి గ్రూపు కాదు, లైసెన్సు ఉన్న థెరపిస్టులను డబ్బుకు కలిపే అమెరికన్ కంపెనీ. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ప్రకటనల కోసం ఇచ్చిందన్న అభియోగంపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆ కంపెనీ చేత 78 లక్షల డాలర్లు కట్టించింది. మరోవైపు, సాటివారి ఆసరా పేరుతో నడిచే కోకో అనే వేదిక దాదాపు నాలుగు వేల మందికి కృత్రిమ మేధ సాయంతో రాసిన జవాబులు పంపినట్టు అదే ఏడాది జనవరిలో బయటపడి చీవాట్లు తింది. అవతల మనిషి ఉన్నాడనుకున్నవాళ్లు మోసపోయామనుకోవడం న్యాయమే. నేను కూడా ఆ చీవాట్లలో పాలు పంచుకుంటాను. ఈ రెండు కేసులూ చెప్పేది ఒకటే: అడగాల్సిన ప్రశ్న "నడిపేవాడికి పట్టా ఉందా" అని కాదు, "ఈ గ్రూపుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అవతల ఉన్నది నిజంగా మనిషేనా" అని.

అందుకే గ్రూపులు చవక అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలంటాను. పూర్తిగా ఉచితమని చెప్పి నీ కన్నీళ్ల సమాచారాన్ని ప్రకటనలవాళ్లకు అమ్మేది చవక కాదు. సమావేశానికి యాభయ్యో, వందో తీసుకుని, లేనివాళ్ల దగ్గర తీసుకోకుండా, ఆ డబ్బును నడిపేవాళ్ల శిక్షణకూ వాళ్ల శ్రమకూ ఖర్చు పెట్టేది చవక. నడిపేవాళ్లు ఎప్పటికీ సేవాభావంతోనే చేయాలనడం కూడా దోపిడీ. వాళ్లూ ఒకప్పుడు జబ్బుపడినవాళ్లే, అలసిపోతారు. బ్రిటన్‌లో కోలుకున్నవాళ్లను ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థే జీతాలిచ్చి ఉద్యోగంలో పెట్టుకుంటోంది. అక్కడే మొదలైన టుగెదరాల్ అనే ఆన్‌లైన్ వేదికలో పేరు చెప్పకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. శిక్షణ ఉన్నవాళ్లు రాత్రింబవళ్లు కాపలా ఉంటారు. బ్రిటన్, కెనడా, అమెరికాల్లో చాలా యూనివర్సిటీలు దాని ఖర్చు తామే భరిస్తాయి. అప్పు చేసి చదువుకు వెళ్లిన మన పిల్లలు, ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది నాన్నా" అనే పిల్లలు, తమ యూనివర్సిటీలో అలాంటిది ఉందేమో ఒకసారి చూసుకోవాలి. కాన్పు తర్వాత వచ్చే దిగులుకు పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నడిపే ఉచిత ఆన్‌లైన్ గ్రూపుల్లో దక్షిణాసియా తల్లులకు ప్రత్యేకంగా ఒకటుంది. పురిటికి అమ్మ రాలేని దేశంలో ఉన్న తెలుగు బాలింతకు అది ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

తెలుగులోనే, తెలుగువాళ్లే నడిపే మంచి గ్రూపులు మాత్రం తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు ఇంగ్లిషు, అదీ పట్నం ఇంగ్లిషు. ఫోన్ అందరి చేతిలోనూ లేదు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతమే. ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం ఇది. విమర్శకులు దీన్ని పట్టుకుని ఉంటే నేను చేతులు కట్టుకుని వినేవాణ్ణి.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర నమ్మకమైన తెలుగు గ్రూపుల జాబితా ఉండాలి. లేకపోతే జిల్లాకొకటి పెట్టించాలి, నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చి నెలకింతని చెల్లించాలి. కుటుంబానికి అండగా ఉండే సేవలు ఇవ్వాలని 2017 చట్టం 18వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

సైకియాట్రిస్టులకు, సైకాలజిస్టులకు నా విన్నపం ఇంకా చిన్నది. గ్రూపులకు వెళ్లొద్దని చెప్పడం మానేయండి. ఏ గ్రూపు మంచిదో, ఏది కాదో మీరే ఓపిక చేసుకుని చూడండి. మందుల చీటీలో చివరి మాత్ర కింద గ్రూపు పేరు, వారం, టైము రాయండి. తెలుగులో సరైనది లేదంటారా? మీ దగ్గర కోలుకుని వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి. వాళ్లను పిలిచి, నడుపుతారా అని అడగండి.